గొడుగుకీ లాంతరుకీ మా నాయనమ్మ పెట్టిన బొట్టు

ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. ఆ గుమ్మం దగ్గర వద్దు, ఈ పీట లాక్కోండి. నా గొంతు ఇదివరకటిలా వీధి దాకా వినపడటం లేదు. కాళ్లు చాపుకున్నా ఏమీ అనుకోను, ఇది పురాణం కాదు, మా ఇంట్లో జరిగిన సంగతి. పొయ్యి మీద పాలు ఉంటే దించేసి రండి. ఈ మాట నేను మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

మొన్న మా ఊళ్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. మా ఊరంటే నేను కాపురానికి వచ్చిన ఊరు, నిడదవోలు పక్కన. పెద్ద ఎన్నికలకి మీట నొక్కే మిషన్లు వచ్చి చాలా కాలమైంది గానీ, పంచాయతీకి ఇప్పటికీ కాగితమే, ముద్రే. బడిలో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నా వేలికి సిరా రాసి, కాగితం చేతికిచ్చి, "మామ్మగారూ, మీకు నచ్చిన గుర్తు మీద ఈ ముద్ర వెయ్యండి. ఒక్కదాని మీదే సుమండీ" అంది. అట్ట మరుగుకి వెళ్లి ఆ ముద్ర తిరగేసి చూశాను. అదే స్వస్తిక్కు. అదే ఊదా రంగు సిరా వాసన. నా చెయ్యి ఆగిపోయింది. ఎవరికి వెయ్యాలో తెలియక కాదు. మా నాయనమ్మ వెంకాయమ్మ ఇలాంటి మరుగులోనే, ఇలాంటి ముద్రే పట్టుకుని నిలబడ్డ పూట గుర్తొచ్చింది. "మామ్మగారూ, అయిందాండీ" అని ఆ అమ్మాయి పిలిచేదాకా అక్కడే ఉండిపోయాను.

మా పుట్టింటి ఊరు గోదారి పాయల మధ్య ఉన్న లంక. బయటికి వెళ్లాలంటే పంటు ఎక్కాల్సిందే. మనుషులూ బళ్లూ గేదెలూ అందరం ఆ పంటు మీదే అవతలి ఒడ్డుకి దాటేవాళ్లం. అది మన ఒడ్డున ఉంటే అదృష్టం, లేకపోతే రేవులో కూర్చుని కేకలు వేస్తూ ఉండటమే. ఇల్లు పెద్దది, మండువా లోగిలి. మా నాన్న సూర్యారావు, బాబాయి వీర్రాజు, ఇద్దరి భార్యలు, పిల్లలం, అందరికీ ఒకటే పొయ్యి. పెరటి వసారాలో పాలదాలి ఉండేది. గుంటలో పిడకలు రాజేసి దాని మీద పాలకుండ పెడితే పొద్దున్న నుంచి పొద్దుగూకే దాకా సన్నగా కాగుతూనే ఉండేవి. ఎర్రగా, వేలు మందాన మీగడ కట్టేవి. ఆ పిడకల పొగ, మీగడ కమ్మదనం, వానకి తడిసిన కొబ్బరి డొక్కల వాసన కలిస్తే అదే మా ఇల్లు. కళ్లు మూసుకున్నా ఆ వాసన పట్టుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.

ఆ దాలి మా నాయనమ్మది. మరెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. బాబాయి పాకే వయసులోనే తాతయ్య పోయాడు. అప్పటి నుంచీ ఆవిడ ముతక పంచె, బోసి నుదురు, బోసి చేతులు. పిల్లలిద్దర్నీ ఆ చేతులతోనే పెంచింది, పొలమూ నిలబెట్టింది. కానీ ఇంట్లో ఎవరు బయటికి బయలుదేరినా ఆవిడ వంటింటి తలుపు వెనక్కి వెళ్లిపోయేది, ఎదురు రాకూడదని. ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న చెప్పుల చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి తలుపు చాటుకి తప్పుకునేది. ఆయన వీధి మలుపు తిరిగాక బయటికి వచ్చి, "వెళ్లాడా" అని నన్ను అడిగేది. పేరంటాలకి రమ్మని ఆవిడని పిలిచినవాళ్లు లేరు. మా నాన్న పెళ్లిలో ఆయనకి కల్యాణ తిలకం దిద్దింది వాళ్ల పెద్దమ్మ అట. నాయనమ్మ కొట్టుగదిలో బియ్యం బస్తాల మీద కూర్చుని మేళం విన్నదట. బాబాయి పెళ్లికీ అంతే. ఈ సంగతి ఆవిడ దిగులుగా చెప్పేది కాదు. "కొట్టుగదిలో ఎలకలు బాగా ఉండేవే, మేళానికి అవీ బెదిరిపోయాయి" అని నవ్వేది. ఆ వయసులో నేనూ నవ్వేదాన్ని.

మా రేవు దారి వానాకాలం మోకాటి లోతు బురద. దానికి రాయి వేయించాలని నాన్న పట్టుదల. అందుకని మా వార్డు మెంబరుగా నిలబడ్డాడు. ఆ పదవికి కూర్చోడానికి కుర్చీ కూడా ఉండేది కాదు, పంచాయతీ ఆఫీసులో బెంచీ మీద సర్దుకోవాలి. అయినా నాన్న కొత్త పంచె కట్టుకుని నామినేషన్ వెయ్యడానికి ఏరు దాటి ఆఫీసుకి వెళ్లాడు. బాబాయిని కూడా తీసుకెళ్లాడు. కాగితంలో ఏ తప్పు దొర్లి కొట్టేస్తారోనని, అదే ఇంటి నుంచి ఇంకొకరు కూడా వేసి ఉంచటం అప్పటి అలవాటు. మొదటిది నిలబడ్డాక రెండోవాళ్లు వెళ్లి తమది వెనక్కి తీసుకుంటారు. అలా బాబాయి నాన్న కోసమే వేశాడు.

నాన్న కాగితం నిలబడింది. బాబాయి తనది వెనక్కి తీసుకోవాల్సిన రోజు పొద్దున్నే బయలుదేరాడు. దారిలో చేను గట్టు తెగితే మట్టి వేసి, కాళ్లు కడుక్కుని రేవుకి వెళ్లేసరికి పంటు అవతల ఒడ్డున ఉంది. అవతల ఎవరిదో పెళ్లివారి సామాను ఎక్కిస్తున్నారట. అది ఇటు వచ్చి మళ్లీ అటు వెళ్లేసరికి ఆఫీసులో గడువు దాటిపోయింది. సాయంత్రం బాబాయి తిరిగొచ్చి మండువాలో నిలబడ్డ తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. చెప్పులు చేతిలో ఉన్నాయి.

"అందలేదన్నయ్యా. పంటు అవతల ఒడ్డున ఉంది."

నాన్న భోంచేస్తున్నాడు. తల ఎత్తలేదు. "ఈత రాదేంటి నీకు?"

"నవ్వులాటగా ఉందా అన్నయ్యా? గొంతు పోయేలా కేకేశాను."

"నాకైతే నవ్వు రావట్లేదు. నీకేమన్నా వస్తోందేమో చూసుకో."

అక్కడితో పోవాల్సింది. కానీ నాన్నంటే గిట్టనివాళ్లు అవతలి వీధిలో ఉండేవాళ్లు. వాళ్లకి ఇది దేవుడిచ్చిన సందు అయింది. నాన్నకి గొడుగు గుర్తు వచ్చింది, బాబాయికి లాంతరు. బాబాయి గడప దాటి ఎవర్నీ ఓటు అడగలేదు. అయినా అవతలి వీధివాళ్లు మిట్టమధ్యాహ్నం లాంతర్లు వెలిగించుకుని ఊరేగారు. ఇటువైపువాళ్లు ఎర్రటెండలో గొడుగులు తిప్పుకుంటూ ఎదురెళ్లారు. "మబ్బు లేదు, వాన లేదు, ఎవరి కోసమండీ ఆ గొడుగులు" అని వాళ్లంటే, "పట్టపగలు కళ్లు కనపడని వాళ్లకి ఈ ఎండేం తెలుస్తుంది లెండి" అని వీళ్లు. పిల్లలం ఆ జట్టులో కాసేపు, ఈ జట్టులో కాసేపు తిరిగేవాళ్లం. మా వసారాలో ఒకే మేకుకి ఇంటి గొడుగూ లాంతరూ రెండూ వేలాడుతూ ఉండేవి. నాన్న ఆ లాంతరు తీసి అటకెక్కించాడు. మేము గుడ్డిదీపం పెట్టుకుని అన్నాలు తిన్నాం. వాన పడ్డా బాబాయి గొడుగు ముట్టుకోలేదు, గోనెసంచి కప్పుకుని పొలం వెళ్లాడు. నాయనమ్మ ఇద్దర్నీ చూసి, "మీ అయ్య ఉంటే ఇద్దర్నీ ఆ మేకుకే వేలాడదీసేవాడు" అంది.

ఓట్ల రోజు పొద్దున్న రెండు జట్లవాళ్లూ మా వాకిట్లోకి వచ్చారు, "పెద్దమ్మగారిని తీసుకెళ్తామండి" అంటూ. నాయనమ్మ అలవాటు కొద్దీ తలుపు వెనక్కి వెళ్లిపోయింది.

"రండి పెద్దమ్మగారూ, మీరే ముందు నడవాలి" అన్నారెవరో.

"నేను ముందేంటి నాయనా. పొద్దున్నే ఎదురు రావటం మంచిది కాదు."

"ఇవాళ మీరు ఎదురొస్తేనే మంచిదండీ."

ఆవిడ తలుపు చాటు నుంచి నాన్న మొహం చూసింది. నాన్న తల ఊపాడు. అప్పుడు ఆవిడ ఉతికిన పంచె కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని వీధి నడిమధ్యన నడిచింది. వెనకాల గొడుగులు, లాంతర్లు. అంతమంది ముందు ఆవిడ అలా నడవటం నేను అదే మొదటిసారి చూడటం. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అరిచేయి చెమ్మగా ఉంది. బడి గుమ్మం దగ్గర నన్ను ఆపేశారు. కిటికీలోంచి చూశాను. మాస్టారు ఆవిడ చేతికి ముద్ర ఇచ్చి ఏదో చెప్పారు. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది, పంచె చెంగుతో చెయ్యి తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. మరుగులోకి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందో ఎలా చెప్పను. గుడిలోంచి వచ్చినట్టు ఉంది. దారంతా వేలి మీద సిరా చుక్క చూసుకుంటూ నడిచింది. ఇంటికి రాగానే దాలి ముందు కూర్చుని నాకు మీగడ తీసి పెట్టింది.

సాయంత్రం బడిలోనే లెక్కపెట్టారు. గొడుగుకీ లాంతరుకీ ఓట్లు సమానం. ఒక్కటి మాత్రం చెల్లలేదు. ఇక ఆఫీసరు రెండు చీటీల మీద రెండు పేర్లు రాసి, మడిచి, డబ్బాలో వేసి కలిపి ఒకటి తీశాడు. లాంతరు. అవతలి వీధివాళ్లు బాబాయిని భుజాలకెత్తుకోబోతే వదిలించుకుని ఇంటికొచ్చేశాడు. వచ్చి మండువాలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఎదుటి స్తంభం దగ్గర నాన్న. నాన్న తరఫున లెక్కింపు చూసిన ఆయన వాకిట్లో నిలబడి చెబుతున్నాడు.

"ఆ చెల్లని కాగితం నా కళ్లతో చూశానండీ. చెయ్యి జారి వేసింది కాదు. గొడుగు మీద ఒకటి, లాంతరు మీద ఒకటి, రెండూ నడిమధ్యన కుదురుగా ఉన్నాయి."

"ఎవడో తిన్నది అరక్క చేసిన పని" అన్నాడు నాన్న.

నాయనమ్మ అందరికీ మజ్జిగ తెచ్చింది. నాన్న ముందు చెంబు పెడుతూ మామూలుగా అంది.

"అది నాదేరా పెద్దాడా."

"ఏది నీది?"

"ఆ కాగితం. ఇద్దరికీ పెట్టాను."

నాన్న చెంబు అందుకోబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఒక్కదాని మీదే వెయ్యాలని మాస్టారు చెప్పలేదా నీకు?"

"చెప్పాడు. చెప్పడానికి వాడికేం, వాడు మిమ్మల్ని కన్నాడా?"

"అమ్మా, అది ఓటే. బొట్టు కాదు."

నాయనమ్మ కాసేపు తన చెయ్యి చూసుకుంది. "శుభలేఖ మీద వేసే గుర్తురా అది. మీ నాన్న పోయాక నా చేత శుభం పెట్టించినవాళ్లు లేరు. నీ పెళ్లికి కొట్టుగదిలో కూర్చున్నాను. వాడి పెళ్లికీ అక్కడే. ఇన్నాళ్లకి సర్కారువాళ్లు పిలిచి, పెట్టమ్మా అని చేతికిచ్చారు. చూస్తే మీరిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. పేరంటంలో పక్కపక్కన కూర్చున్నవాళ్లలో ఒకరికి పెట్టి ఒకర్ని వదిలేస్తామా?"

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. బాబాయి స్తంభానికి తల ఆనించాడు. నాన్న లేచి నిలబడి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అన్నాడు.

"నాకు వెయ్యకపోతే పోనీ, వాడికన్నా వేసి ఉండాల్సింది. తల్లి నాకు ఓటెయ్యలేదని ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఏమని ఏడవమంటావు?"

మా నాన్న మా నాయనమ్మతో ఆడిన ఆఖరి మాట అదే.

కోతలు అయ్యాక మండువా మధ్య గోడ లేచింది. అటు పొయ్యి అటు, ఇటు పొయ్యి ఇటు. గోడ పెరటి వసారా దాకా వచ్చి దాలి దగ్గర ఆగింది. మేస్త్రీ తాపీ పట్టుకుని, "దీన్నేం చెయ్యమంటారండీ" అని అడిగితే అన్నదమ్ములిద్దరూ చెరో దిక్కుకి మొహం తిప్పుకున్నారు. నాయనమ్మే, "నన్ను దాటుకుని కట్టుకో నాయనా" అంది. దాలికి ఇవతల ఆపి, అవతల మళ్లీ మొదలుపెట్టాడు. ఆ సందులో ఆవిడ మంచం వేసుకుంది. రెండు ఇళ్లకీ పాలు అక్కడి నుంచే. పొద్దున్నే ఇత్తడి గ్లాసులో మీగడ పాలు పోసి, "మీ నాన్నకివ్వవే" అని నా చేతికిచ్చేది. నాన్న తాగేవాడు, అడుగు చుక్క కూడా మిగల్చకుండా. ఖాళీ గ్లాసు నా చేతే పంపేవాడు. ఆవిడ దాన్ని వంచి చూసి, తాగాడని తెలుసుకుని, అప్పుడు తన పులిసిన గంజి తరవాణి తాగేది. వాళ్లిద్దరి మధ్యా ఆ గ్లాసు ఒక్కటే మాట్లాడింది. నాన్న ఎదుటపడితే ఇదివరకు శకునం కోసం తప్పుకునేది, ఇప్పుడు ఆయన చూపు కోసం తప్పుకునేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "నువ్వే పిలవచ్చుగా నాయనమ్మా" అన్నాను. "పిలిస్తే పలకాలి కదే. పలక్కపోతే వాడికి పాపం తగులుతుంది. నేను పిలవకుంటేనే వాడికి క్షేమం" అంది.

బాబాయి మెంబరై రేవు దారికి రాయి వేయించాడు, నాన్న కోరుకున్నట్టే. నాన్న ఆ దారిన అడుగు పెట్టలేదు. పొలం గట్ల మీద నుంచి చుట్టు తిరిగి రేవుకి వెళ్లేవాడు.

నేను ఓణీలు వేసుకునే వయసొచ్చింది. శ్రావణంలో గోదారి ఎర్రబడి ఒడ్డులు ఒరుసుకుని పారుతున్న రోజుల్లో, నాకు సంబంధం చూడటానికి నాన్న ఏరు దాటి వెళ్లాడు. ఆ పొద్దున్నే నాయనమ్మ దాలి రాజెయ్యలేదు. చూస్తే లేవలేకపోతోంది. మధ్యాహ్నానికి ఊపిరి బరువైంది. బాబాయి నాన్న కోసం రేవుకి మనిషిని పంపి, మంచం పక్కన కింద కూర్చున్నాడు. నాయనమ్మ నన్ను పిలిచి కుంకుమ భరిణె తెమ్మంది. నేను అమ్మ వైపు చూశాను. అమ్మే వెళ్లి తెచ్చింది. నాయనమ్మ ఉంగరపు వేలు భరిణెలో ముంచింది. బాబాయి వంగి నుదురు దగ్గరికి పెట్టాడు. ఆవిడ చెయ్యి ఎత్తి, మళ్లీ దించేసింది.

"పెద్దాడు రానీరా. ఇద్దరికీ కలిపి పెడతాను."

"అన్నయ్య వచ్చేస్తాడే. ముందు నాకు పెట్టు."

"ఊహూ. పక్కపక్కన కూర్చోవాలి."

ఆ వేలు అలా పైకి పట్టుకునే ఉంది, గుండె మీద చెయ్యి ఆనించి, దేనికీ తగలకుండా. కాసేపటికొకసారి "పంటు వచ్చిందా" అని అడిగేది. వరద ఉధృతానికి పంటు మా ఒడ్డునే కట్టేసి ఉంది. అవతలి ఒడ్డున ఎవరో గొడుగు ఊపుతూ కేకలేస్తున్నారని, మాట వినపడటం లేదని రేవు నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. ఆ గొడుగు ఎవరిదో మాకు తెలుసు. పొద్దువాలే వేళకి నాయనమ్మ అడగటం ఆపేసింది.

నీళ్ల జోరు కాస్త తగ్గాక పడవవాళ్లు సంగతి చెప్పి నాన్నని దాటించారు. బాబాయి వేయించిన రాళ్ల దారిన, అడ్డదారి కూడా వెతక్కుండా, పరుగెత్తుకుని వచ్చాడు. వాన కురుస్తూనే ఉంది. గొడుగు మూసి చేతిలో పట్టుకున్నాడు, తెరవాలని తోచనే లేదు కాబోలు, నిలువెల్లా తడిసిపోయాడు. గుమ్మంలో బాబాయి లాంతరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న లోపలికి చూసి, గడప అవతలే ఆగిపోయాడు.

"పంటు అవతల ఒడ్డున ఉండిపోయిందిరా" అన్నాడు.

"తెలుసన్నయ్యా" అన్నాడు బాబాయి.

నాయనమ్మ వేలికి కుంకుమ ఎండిపోయి ఉంది. ఆడవాళ్లు స్నానం చేయించినప్పుడు ఆ ఎరుపు నీళ్లతో పాటు పెరట్లోకి పోయింది. అన్నదమ్ములిద్దరి నుదుళ్లూ బోసిగానే ఉన్నాయి.

ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకున్నారు. పొలం మాటలు, ఎరువుల మాటలు, మా పెళ్లిళ్ల మాటలు. గోడ మాత్రం పడలేదు. దాలి చోట సందు అలాగే ఉండిపోయింది, మూసే మనసూ రాలేదు, రాజేసే చెయ్యీ లేదు. నాన్న చివరిదాకా పాలు ముట్టలేదు. ఇచ్చినా గ్లాసులోకి చూసి పక్కన పెట్టేసేవాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. పడమటి గాలికి తాటాకు చప్పుడైతే పంటు తెడ్డు చప్పుడేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ కాలం అన్నదమ్ములు తెలివైనవాళ్లు. అన్న ఒక జెండా పట్టుకుంటాడు, తమ్ముడు ఇంకో జెండా పట్టుకుంటాడు, ఎవరు గెలిచినా పదవి ఇంట్లోనే ఉంటుందని ముందే అనుకుంటారు. పగలు మైకుల్లో తిట్టుకుని రాత్రికి ఒకే కంచంలో తింటారు. అది మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. మా వాళ్లకి ఆ విద్య వచ్చి ఉంటే మా నాయనమ్మ ఇంకొన్నాళ్లు బతికేది. మా లంకకి ఇప్పుడు వంతెన వచ్చింది. ఒక చుట్ట కాలేలోపు కారు అటు నుంచి ఇటు వచ్చేస్తుంది. అందలేదని చెప్పుకోడానికి ఇప్పుడు ఎవరికీ పంటు లేదు. అయినా అందనివాళ్లు అందటం లేదు. మా ఆయన పోయాక నేను కూడా తలుపు వెనక్కి వెళ్లబోతే మా మనవరాలు పెళ్లిపీటల మీద నుంచి కేకేసింది, "మామ్మా, నువ్వు పెట్టందే నేను లేవను" అని. వెళ్లి పెట్టాను. బొట్టు కాస్త పక్కకి పోయింది. దిద్దబోతే వద్దని, అలాగే ఫొటోలు తీయించుకుంది. ఆ ఒక్క పూట మా నాయనమ్మ కొట్టుగదిలోంచి బయటికి వచ్చినట్టు అనిపించింది.

మొన్న ఆ అట్ట మరుగులో నేను ఒక్క గుర్తు మీదే ముద్ర వేశాను. అలా వేస్తేనే చెల్లుతుందట. వేసి, మడిచి, డబ్బాలో పడేసి బయటికి వచ్చేశాను. దారంతా ఏడుస్తూ నడిచాను. ఎందుకని అడిగినవాళ్లకి కంట్లో నలక పడిందన్నాను.

ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో పాలు పొంగాలి, మీ అన్నదమ్ములు ఒకే అరుగు మీద కూర్చోవాలి. మీకు బొట్టు పెట్టాల్సిన చెయ్యి ఎవరిదైనా సరే, దాన్ని తలుపు చాటున ఉంచకండి. మీ పంటు ఎప్పుడూ మీ ఒడ్డునే ఉండాలి నాయనా, మీ వాళ్లు పిలిచిన వేళకి.